తేరగా వచ్చిన సాఫ్ట్‌వేరు

ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ అని కొట్టి టీ తాగడానికి వెళ్ళే అలవాటు నాకొక్కడికే ఉందనుకోను. తిరిగొచ్చేసరికి తెర మీద బోలెడు వరసలు ఉంటాయి. వాటి చివర్లో ఒకటి: ఇన్ని ప్యాకేజీలు ఆర్థిక సాయం కోసం చూస్తున్నాయి, వివరాలు కావాలంటే ఎన్‌పీఎమ్ ఫండ్ అని కొట్టండి, అని. మా ప్రాజెక్టులో నిన్న ఆ సంఖ్య 187. ఈ వరస 2019 నుంచీ వస్తోంది. ఇన్నేళ్ళలో ఆ రెండో కమాండు కొట్టినవాణ్ణి నా పక్క సీట్లలో ఒక్కణ్ణి కూడా చూడలేదు. నేను కూడా మొన్నమొన్నటిదాకా కొట్టలేదు. బస్టాండులో ఎవరైనా చెయ్యి చాస్తే ఫోన్లోకి చూసుకుంటాం చూడండి, అలా దాటేశాను.

అసలు గొడవంతా అక్కడే ఉంది. వాళ్ళని చెయ్యి చాచినవాళ్ళ లెక్కలో వేసుకున్నాం. వాళ్ళడిగేది బిచ్చం కాదు, బాకీ.

ముందు నా తప్పు చెప్పుకుని, తర్వాత మీ మీద పడతాను :)

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు అనవసరం) ఒక బీమా క్లయింటుకి పాలసీ పీడీఎఫ్‌లు తయారు చేసిపెట్టడం మా పని. అందులో మేం రాసింది తక్కువ. బరువంతా మోసేది ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ. యూరప్‌లో ఎక్కడో ఒకే ఒక్కాయన దాన్ని చూసుకునేవాడు. ఒక శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పీడీఎఫ్‌లు ఖాళీ పేజీలతో రావడం మొదలైంది. ఆన్‌సైట్ నుంచి ఫోన్లు, మేనేజరు కేకలు. నేను ఆ లైబ్రరీ పేజీకెళ్ళి బగ్ రాశాను. ఎలా రాశానంటే, "చాలా అర్జెంట్, క్లయింట్ ఎస్కలేషన్ ఉంది, దయచేసి ఈరోజే సరిచేయగలరు" అని. ఆయనేదో మా టీమ్‌లో జూనియర్ అయినట్టు! అక్కడితో ఆగానా, గంటకోసారి కింద "ఏమైంది?" అని ఇంకో ముక్క. ఆయన ఒకే ఒక్క జవాబిచ్చాడు: పాపకి జ్వరంగా ఉంది, తను నిద్రపోయాక చూస్తాను, అని.

ఆదివారం పొద్దుటికి కొత్త వెర్షన్ వచ్చేసింది. మేం దాన్ని ఎక్కించాం. సోమవారం మెచ్చుకోలు మెయిల్ వచ్చింది, అందులో నా పేరుంది, ఆయన పేరు లేదు. ఆ వారాంతానికి మా ముగ్గురి గంటలూ క్లయింటుకి బిల్లు వేశారు. మేం ముగ్గురం ఆ రెండు రోజులూ చేసిన పనల్లా ఆయన పేజీని రిఫ్రెష్ కొట్టడమే. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు కదా, ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యలేదు, బిల్లేసుకున్నాడు.

ఆ పేజీలో కింద డొనేట్ అని ఒక బొత్తం ఉండేది. చూశాను. నొక్కలేదు. పెద్ద కారణమేం లేదు, కార్డు పక్క గదిలో ఉంది. ఇంకో ఏడాదిన్నరకి ఆయన ప్రాజెక్టు మూసేశాడు, ఇక దీన్ని చూసుకునే ఓపిక లేదని రెండు వాక్యాలు రాసి. దానికీ, నా బగ్గుకీ సంబంధం ఉందని నేను చెప్పలేను. నాలాంటివాళ్ళు వందమంది ఉండి ఉంటారు. మా కంపెనీ మాత్రం ఆ లైబ్రరీ నుంచి వేరేదానికి మారడానికి ముగ్గుర్ని నాలుగు నెలలు కూర్చోబెట్టింది. ఆ ఖర్చు ఎవరూ అడగలేదు, బడ్జెట్‌లో దానికో పేరు దొరికింది: మైగ్రేషన్.

ఇప్పుడు మాటల సంగతికొద్దాం. ఇంగ్లీషువాడికి ఒక ఇబ్బంది ఉంది. "ఫ్రీ" అంటే వాడికి స్వేచ్ఛా అదే, ఉచితమూ అదే. అందుకని రిచర్డ్ స్టాల్‌మన్ నలభయ్యేళ్ళుగా నేనంటున్నది ధర గురించి కాదు మహాప్రభో అని గొంతు చించుకుంటున్నాడు. గ్నూ మ్యానిఫెస్టో 1985లో వచ్చింది. ఆ రోజుల్లోనే ఆయన ఈమ్యాక్స్‌ని టేపు మీద ఎక్కించి ఒక్కోటి 150 డాలర్లకి అమ్మాడు. జీపీఎల్ లైసెన్సు చదివినవాడికి తెలుసు, దాని ప్రకారం డబ్బు తీసుకుని అమ్మడం తప్పు కాదు. కొన్నవాడికి సోర్స్ ఇవ్వకపోవడం తప్పు. మనకి ఆ ఇంగ్లీషు ఇబ్బంది లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు, రెండు మాటలూ చక్కగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపే సంస్థ పేరే స్వేచ్ఛ. అయినా మనం వాడే మాట మూడోది: "ఫ్రీయే కదా బాస్!"

దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది. మనలో 2000ల్లో చదువుకున్నవాళ్ళం కంప్యూటర్ నేర్చుకున్నది పైరేటెడ్ సీడీల మీద. సికింద్రాబాద్‌లో యాభై రూపాయలకి విండోస్, ఇంకో యాభైకి ఒరాకిల్, విజువల్ స్టూడియో అన్నీ కలిపి ఒకటి. అమీర్‌పేట గదుల్లో అవే తిరిగేవి. తర్వాత లినక్స్ సీడీ ఏ పత్రికతోనో వచ్చింది. దానికీ డబ్బివ్వలేదు, దీనికీ ఇవ్వలేదు. ఒకటి దొంగిలించింది, ఇంకొకటి ఇష్టపడి ఇచ్చింది, కానీ మన జేబుకి రెండూ ఒకేలా అనిపించాయి. సాఫ్ట్‌వేర్ అంటే తేరగా వచ్చేది అనే అలవాటు వేళ్ళలోకి దిగింది. చదువుకునే రోజుల్లో చేతిలో డబ్బుల్లేవు, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఫ్లాటు ఈఎమ్ఐ కడుతున్నాం, మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్‌కి నాలుగొందలు ఇస్తున్నాం. అలవాటు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఈ అలవాటు మనకే ఉందనుకుంటే పొరపాటు. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ బయటపడింది గుర్తుందా? ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఒక చిన్న తప్పు. సర్వర్ మెమరీలోంచి పాస్‌వర్డులు, తాళంచెవులు ఎవడైనా తీసుకుపోవచ్చు. రెండేళ్ళకి పైగా అందరి కళ్ళముందే ఉంది, ఎవరూ చూడలేదు. బ్యాంకులు, మెయిళ్ళు, షాపులు... ప్రపంచం సగం దీని మీద నడుస్తోంది కదా, దీన్ని ఎంతమంది చూసుకుంటున్నారా అని వెతికితే తేలిందేంటంటే, పూర్తి సమయం పనిచేసేది ఒక్క మనిషి. ఆ సంస్థకి విరాళంగా ఏడాదికి వచ్చేది సుమారు 2,000 డాలర్లు. అప్పటి రేటులో లక్షా ఇరవై వేల రూపాయలు. మన దగ్గర ఫ్రెషర్ జీతంలో సగం కూడా కాదు!

ఆ వారం జనానికి జాలేసింది. ఒక్క వారంలో సుమారు 9,000 డాలర్లు వచ్చాయి, చాలావరకు ఐదు, పది డాలర్ల చొప్పున. ఆ ఫౌండేషన్ నడిపే స్టీవ్ మార్క్వెస్ దానికి కృతజ్ఞతలు చెబుతూనే ఒక నిజం చెప్పేశాడు: ఈ వేగంతో ఎప్పటికీ వస్తూనే ఉన్నా సరిపోదు, ఇవ్వాల్సింది దీన్ని వాడుకుని సంపాదిస్తున్న కంపెనీలు, ప్రభుత్వాలు అని. ఆ తర్వాత గూగుల్, అమెజాన్, ఫేస్‌బుక్, ఐబీఎమ్, మైక్రోసాఫ్ట్ వగైరాలు లినక్స్ ఫౌండేషన్ కింద తలా ఏడాదికి లక్ష డాలర్లు, మూడేళ్ళపాటు ఇస్తామన్నాయి. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. తవ్వారు, అది మెచ్చుకోవాలి. కానీ ఆ లక్ష డాలర్లు ఆ కంపెనీలకి ఏపాటివో ఒక్క క్షణం ఆలోచించండి.

జర్మనీలో వెర్నర్ కోచ్ కథా ఇదే. మెయిళ్ళు ఎన్‌క్రిప్ట్ చేసే జీపీజీని 1997 నుంచీ ఆయన దాదాపు ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. 2015 ఫిబ్రవరిలో ఆయన చేతిలో డబ్బుల్లేవని ఒక వార్త వస్తే, ఒక్కరోజులో లక్ష యూరోలకి పైగా పోగయ్యాయి. దీన్ని అందరూ మంచి కథలా చెప్పుకుంటారు. నాకు మాత్రం సిగ్గనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళు పనిచేసినవాడి పరిస్థితి పేపర్లో పడితే తప్ప మన చెయ్యి జేబులోకి వెళ్ళలేదు.

నాకు బాగా నచ్చిన ఉదంతం మాత్రం కర్ల్‌ది. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ రాసిన ఈ సరుకు ఫోన్లలో, కార్లలో, టీవీల్లో కలిపి వెయ్యికోట్లకు పైగా చోట్ల ఉంటుందని ఆయన అంచనా. 2021 డిసెంబర్లో లాగ్‌ఫోర్‌జే గోల జరిగింది కదా (మనలో ఎంతమందికి ఆ క్రిస్మస్ సెలవులు పోయాయో!). ఆ మరుసటి నెలలో ఆయనకి ఒక పెద్ద అమెరికన్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీరు మా సప్లయరు కాబట్టి ఈ ప్రశ్నలన్నిటికీ 24 గంటల్లో జవాబివ్వండి, అని. ఒక్క పైసా ఇవ్వని కంపెనీ! పైగా కర్ల్ జావాలో రాసింది కాదు, దానికీ లాగ్‌ఫోర్‌జేకీ సంబంధమే లేదు. ఆయన తిట్టలేదు. మీరు సపోర్ట్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టగానే సంతోషంగా జవాబిస్తాను అని రాశాడు. ఆహా! నా "దయచేసి ఈరోజే సరిచేయగలరు"కి కూడా ఆ పీడీఎఫ్ ఆయన ఇలాగే రాసుంటే నాకు పదేళ్ళ ముందే బుద్ధొచ్చేది.

అన్నట్టు, ఎక్స్‌జెడ్ సంగతి చెప్పకపోతే ఈ టపా పూర్తికాదు. ఫైళ్ళు కుదించే ఒక చిన్న లైబ్రరీ, లాసే కాలిన్ అనే ఆయన జీతం భత్యం లేకుండా చూసుకునేవాడు. 2022లో కొందరు ఆయన మీద పడ్డారు. ఇంత ఆలస్యమేంటి, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు, అని. ఇది డబ్బులొచ్చే పని కాదు, ఖాళీ సమయంలో చేసే పని అని ఆయన చెప్పుకున్నాడు. చివరికి "జియా టాన్" పేరుతో ఎంతో ఓపిగ్గా సాయం చేస్తున్న ఒకడికి తాళాలు చేతికిచ్చాడు. వాడు రెండేళ్ళు మంచిగా ఉండి, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన వెర్షన్లలో దొడ్డిదారి తలుపు పెట్టాడు. ప్రపంచంలోని లినక్స్ సర్వర్లు చాలావాటికి అది ఎక్కబోతుండగా, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజినీరుకి ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటా అని అనుమానం వచ్చింది. అలా దొరికింది. అర సెకను!

డబ్బిచ్చి ఉంటే ఇది జరిగేదే కాదని నేననను. అంత ఓపికున్న దొంగ ఇంకో దారి వెతుక్కునేవాడు. కానీ జీతమున్న ఇంకొక మనిషి పక్కన ఉండుంటే, అలిసిపోయినవాడు తాళాలు ఇచ్చేముందు ఆలోచించుకోవడానికి కాస్త ఊపిరి దొరికేది. పైగా ఒకటి గమనించండి. ఆయన మీద పడినవాళ్ళ భాష, ఆ శుక్రవారం రాత్రి నేను రాసిన భాష ఒక్కటే. వాళ్ళవి దొంగ ఖాతాలని తర్వాత అందరికీ అనుమానం వచ్చింది. అప్పుడు మాత్రం ఎవరికీ రాలేదు. ఎందుకంటే నిజమైన ఖాతాలు కూడా అలాగే మాట్లాడతాయి మరి.

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు వినిపించే జవాబులు మూడు.

మొదటిది: "నేను డబ్బు కాదు, కోడ్ ఇస్తాను." చాలా మంచిది. ఎప్పుడిచ్చారు? 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం రీడ్‌మీ ఫైల్లో ఒక్కో విశేషణం తగిలించి పంపినవాళ్ళలో మనదేశపు కుర్రాళ్ళు ఎంతమందో అందరం చూశాం. ఆ చెత్త భరించలేక నిర్వాహకులు నెల మొదట్లోనే నియమాలు మార్చారు, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలని. కోడ్ పంపడమంటే ఇంకొకాయనకి చదివే పని పెట్టడం కూడా. బాగా రాసి పంపేవాళ్ళున్నారు, వాళ్ళకి నా దండం, ఈ టపా వాళ్ళకి కాదు.

రెండోది: "డబ్బొస్తే ఉద్యమం చెడిపోతుంది." ఇది విన్నప్పుడు నాకు నవ్వొస్తుంది. లినక్స్ కెర్నెల్‌లోకి వెళ్ళే కోడ్‌లో ఎక్కువభాగం రాసేది ఏదో ఒక కంపెనీలో జీతం తీసుకుంటున్నవాళ్ళే. కెర్నెల్ చెడిపోయిందా? ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాను. మీరు ఆండ్రాయిడ్ ఫోన్లో గానీ, కంప్యూటర్ మీద క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో గానీ ఇది చదువుతుంటే, ఈ అక్షరాలకి ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. పేరు పారశీకం, ఓపెన్ టైప్ అని అర్థం. ఒకప్పుడు తెలుగు పేజీ తెరిస్తే గడులు గడులుగా, ఒత్తు ఒకచోట అక్షరం ఒకచోట కనిపించేది, పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దాన్ని నిలబెట్టిన బెహదాద్ ఎస్ఫబోద్‌కి రెడ్‌హ్యాట్, గూగుల్ లాంటి కంపెనీలు జీతమిచ్చాయి. అంటే "క్ష్మి" సరిగ్గా కనబడటం వెనక ఎవరో కట్టిన డబ్బుంది. ఆ కట్టినవాళ్ళలో మనం లేం. అమ్మభాష గురించి సభల్లో ఎంత మాట్లాడతామో!

మూడోది కాస్త బరువైన జవాబు: "నేను జీతగాణ్ణి. లాభం కంపెనీది. కంపెనీనే అడుగు." ఇది నిజం, మార్క్వెస్ చెప్పింది కూడా ఇదే. నా ఐదొందలతో ఓపెన్ఎస్ఎస్ఎల్ నడవదు. కానీ కంపెనీ అంటే ఎవరండీ? ఏ లైబ్రరీ వాడాలో ఆర్కిటెక్టు నిర్ణయిస్తాడు, క్లౌడ్ బిల్లు మేనేజరు సంతకం పెడతాడు, టూల్స్ లైసెన్సులకి ఏడాదికోసారి లిస్టు టీమ్ లీడ్ పంపుతాడు. ఆ ఆర్కిటెక్టూ మేనేజరూ టీమ్ లీడూ మనమే. ఈ జవాబు చెబుతున్నవాళ్ళలో సగంమందికి కింద పదిమంది పనిచేస్తున్నారు. ఆ లిస్టులో ఒక్క వరస ఎప్పుడైనా చేర్చారా?

మా తాతగారి ఊళ్ళో చెరువుకి నీరటి ఉండేవాడట. తూము ఎప్పుడు తియ్యాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో, గట్టు ఎక్కడ కారుతోందో చూసుకోవడం అతని పని. పంట ఇంటికొచ్చాక ప్రతి రైతూ కళ్ళంలోనే అతని వాటా ధాన్యం కొలిచిపెట్టేవాడు. దాన్ని మేర అనేవారు. దానం అనేవారు కాదు. (ఆ పాత పద్ధతిలో కులం పేరు మీద జరిగిన అన్యాయం చాలా ఉంది, దాన్ని వెనక్కి తెమ్మని అనడం లేదు. మాట ఒక్కటీ అప్పు తీసుకుంటున్నా.) నీళ్ళు అందరివీ, చెరువు అందరిదీ, అయినా గట్టు చూసే మనిషికి గింజలు పడాలి అని ఊరికి తెలుసు. గింజలు పడకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

మనం చేసే మొదటి తప్పు దీన్ని దానం అనడమే. దానమంటే మనసు బాగున్నప్పుడు ఇచ్చేది. కంపెనీలో దానమంటే సీఎస్సార్ వాళ్ళ దగ్గరికి పంపుతారు, వాళ్ళు మొక్కలు నాటి ఫొటో తీసుకుంటారు. ఇది ముడిసరుకు ఖర్చు. సిమెంటు కొన్నట్టు, కరెంటు బిల్లు కట్టినట్టు.

చేద్దామంటే చిక్కులు లేవా? బోలెడు. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ ఆటో డెబిట్ నిబంధనలు మారాక, విదేశీ సైట్లకి నెలనెలా కార్డు మీద వెళ్ళేవి చాలామందికి ఆగిపోయాయి. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు అలా ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టలేదు. విదేశీ ఫౌండేషన్లకి ఇస్తే ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. నా పద్ధతి చెబుతాను, నచ్చితే వాడుకోండి. నెలనెలా వదిలేసి, ఏడాదికి ఒకసారి, బోనస్ పడిన రోజున, నేను రోజూ వాడే నాలుగింటికి ఒక్కసారే కట్టేస్తాను. కిందటేడు వీఎల్‌సీ తయారుచేసే వీడియోల్యాన్, డెబియన్, కర్ల్, ఇంకొక చిన్న లైబ్రరీ. మొత్తం పన్నెండువేలు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ అంకెలు మనం ఎప్పుడూ బయటికి చెప్పుకోం, అందుకే ఎంత ఇవ్వాలో ఎవరికీ తెలీదు. పెళ్ళిలో చదివింపులు ఎంత రాయించాలో ముందు పేజీలు తిప్పి చూసుకుంటాం కదా, ఇదీ అలాంటి పేజీ అనుకోండి.

కంపెనీ వైపు దారి ఇప్పుడు కాస్త సులువైంది. జెరోధా వాళ్ళు 2024 అక్టోబర్లో ఫ్లాస్ ఫండ్ అని పెట్టి ఏడాదికి పదిలక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఇస్తామని ప్రకటించారు. అది షేర్లు కొనిపెట్టే బెంగుళూరు కంపెనీ, ఐటీ సర్వీసుల కంపెనీ కూడా కాదు. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా ఒక్కసారి బోర్డులు చదువుకుంటూ వెళ్ళండి, అంతకంటే పెద్దవి ఎన్నున్నాయో.

మా మేనేజరుకి రెండు నెలల కిందట మెయిల్ పెట్టాను. దానం అన్న మాట ఎక్కడా రాయలేదు. మా ప్రాజెక్టు ఏ ఆరు లైబ్రరీల మీద నిలబడిందో, ఒక్కోదాన్ని ఎంతమంది చూసుకుంటున్నారో, అందులో ఒకటి ఆగిపోతే మాకు ఎన్ని నెలల పనో ఒక పట్టీ వేశాను (ఆ పీడీఎఫ్ అనుభవం ఇక్కడ పనికొచ్చింది). అందులో రెండింటికి సపోర్ట్ కాంట్రాక్టు ఉంది, డబ్బు కడితే మామూలు ఇన్వాయిస్ వస్తుంది. ఆయన చదివి, "ఫ్రీయే కదా, ఎందుకు?" అనలేదు. ఆ పట్టీలో మూడో వరస చూపించి "దీనికి నిజంగా ఒక్కడే ఉన్నాడా?" అన్నాడు.

ఫైల్ ఇప్పుడు ఫైనాన్స్ వాళ్ళ దగ్గరుంది. వెండార్ రిజిస్ట్రేషన్ ఫారం పంపారు. అందులో ఒక గడి: సంస్థలో మొత్తం ఉద్యోగుల సంఖ్య. ఒకటి అని నింపి పంపాను. తప్పు పడిందేమో సరిచూడండి అని వెనక్కొచ్చింది. అలాగే ఉంచి మళ్ళీ పంపాను.